నలభైమూడో వరస

3, సోమవారం

అకౌంట్సావిడకి ఇవాళ నాలుగోసారి చెప్పాను. మన రేవు ఆఫీసు నుంచి పైఊరికి నేరుగా ఫ్యాక్స్ చేస్తే దూరాభారపు కాల్ ఖర్చు పడుతుంది. అదే కాగితాన్ని మన సొంత లైను మీద, ఆ ఊరికి దగ్గర్లో ఉన్న మన ఆఫీసు కంప్యూటరుకి అందించామనుకోండి, అక్కడి నుంచి అది లోకల్ కాల్‌గా వెళ్లిపోతుంది. ఏ నంబరుకి ఏ ఆఫీసు దగ్గరో చెప్పడానికి ఒక పట్టిక ఉంటుంది. ఏడు ఆఫీసులకీ ఆ పట్టిక రాసింది నేను. నూటపన్నెండు వరసలు. ముందు చేత్తో రాసుకుని, తర్వాత మిషన్లోకి ఎక్కించాను. దాన్ని మార్చే తాళంమాట కూడా నా దగ్గరే ఉంది.

అంతా విని, "మీ పట్టికలో తప్పుంటే?" అంది.

ఒళ్లు మండింది. పంపుల కంపెనీలో పదకొండేళ్లుగా పంపుల లెక్కలు రాసే మనిషికి ఇంతకంటే ఏం అర్థమవుతుంది? "ఉండదు" అని చెప్పి వచ్చేశాను.

మా ఆవిడ బదిలీ అర్జీ ఇవాళ సాయంత్రం కొండ ఆఫీసు నుంచి బయలుదేరింది. అక్కడి మిషను చూసుకునేది తనే కాబట్టి స్వయంగా పెట్టి మీట నొక్కింది. ప్రధాన ఆఫీసులో సిబ్బంది విభాగం వాళ్లు బదిలీల జాబితా ఏడాదికి ఒక్కసారే తెరుస్తారు. ఈసారి 28వ తేదీ సాయంత్రం అయిదింటికి మూసేస్తారు. అర్జీలు ఫ్యాక్స్‌లోనే రావాలి. కాగితం వాడకం తగ్గించాలని మొన్న ఒక మందపాటి కాగితం మీద ఉత్తర్వు వచ్చింది.

పెళ్లై ఏడాదిన్నర. మేం కలిసున్నది నలభైఒక్క రోజులు. అందులో మూడు రోజులు నాకు జ్వరం. ఈ అర్జీ చేరితే ఇంక అన్నీ చక్కబడతాయి.

4, మంగళవారం

నిన్నటి ఆదా 31 కాల్స్. మేనేజరు గారు "పర్లేదు" అన్నారు. ఆయన నోట అది పెద్ద మాటే.

5, బుధవారం

నిన్నటి ఆదా 214.

మేనేజరు గారు గోడ మీద చార్టులో ఎర్ర గీత గీస్తుంటే కాగితం అయిపోయింది. పైన ఇంకో కాగితం అంటించి, స్టూలెక్కి గీశారు. స్టూలు మీంచే నాకు చెయ్యి కలిపారు. గాల్లో తేలిపోయాను. అకౌంట్సావిడ అటు తిరిగి ఏదో రాసుకుంటున్నట్టు నటించింది.

6, గురువారం

దొరికింది. రాయాలంటే చెయ్యి రావడం లేదు గానీ, ఇది నా డైరీ, ఎవరు చూస్తారు.

నలభైమూడో వరస. సిబ్బంది విభాగం ఈమధ్యే ప్రధాన ఆఫీసు ఉన్న ఊరి చివర కొత్త భవనంలోకి మారింది. ఆ భవనానికి కొండ ఆఫీసు దగ్గరో, రేవు ఆఫీసు దగ్గరో నాకు తెలియదు. భోజనానికి ముందు రేవు పట్టిక రాస్తూ కొండే దగ్గర అనుకున్నాను. భోజనం చేశాక కొండ పట్టిక రాస్తూ రేవే దగ్గర అనుకున్నాను. అంచేత ఆ నంబరుకి వెళ్లాల్సిన కాగితాన్ని కొండ మాకు అందిస్తోంది, మేం కొండకి అందిస్తున్నాం. నాలుగు నిమిషాలకోసారి వచ్చి వెళ్తోంది. చేయి మారిన ప్రతిసారీ మిషను ఒక దూరాభారపు కాల్ ఆదా అయిందని రాసుకుంటోంది.

ఆ నంబరుకి ఫ్యాక్స్ పంపేవాళ్లు ఏడాదికి ఒకరో ఇద్దరో ఉంటారు. ఈ ఏడాది ఒక్కరే. మా ఆవిడ.

ఇంకో ప్రతి పంపిద్దామంటే, "ఇది ఇప్పటికే బయలుదేరింది" అని మిషను తిప్పికొడుతుంది. ఆ ఏర్పాటు కూడా నాదే.

ఒక్క వరస మారిస్తే చాలు, నిమిషం పని. రేపు పొద్దున్నే మార్చేస్తాను.

7, శుక్రవారం

పొద్దున్నే మార్చేవాడినే. తొమ్మిదిన్నరకి మేనేజరు గారు అందరినీ నిలబెట్టి చెప్పారు: ఛైర్మన్ గారు 14న స్వయంగా వస్తున్నారట. ఆదా చేసినవాడికి షీల్డు. షీల్డుతోపాటు దారుల అధికారి అని కొత్త పదవి. పదవితోపాటు కంపెనీ ఇల్లు. రెండు గదులు, విడిగా వంటిల్లు.

ఇప్పుడు నేనుంటున్నది ఇంటి ఓనరమ్మ మేడ మీద ఒంటి గది. మా ఆవిడ వస్తే ఎక్కడ ఉంటుంది? స్టవ్వు మంచం కిందే పెట్టుకున్నాను. ఇల్లు లేకుండా పెళ్లాన్ని రమ్మనడం బాధ్యత ఉన్న మగవాడు చేసే పనేనా? 14న షీల్డు తీసుకుంటాను, 15న వరస మార్చేస్తాను. అర్జీ 28కి ఇంకా పదమూడు రోజులుండగానే చేరిపోతుంది. ఇందులో ఎవరికీ నష్టం లేదు. ఇదంతా తన కోసమే.

9, ఆదివారం

ప్రతి ఆదివారం పదింటికి మా ఆవిడ ఓనరమ్మ ఫోనుకి చేస్తుంది. నేను మాట్లాడుతున్నంతసేపూ ఓనరమ్మ పక్కన కూచుని చిక్కుళ్లు వలుస్తుంది. సీజను కాకపోయినా వలుస్తుంది.

"ఏమండీ, నా కాగితం చేరిందా?"

"దారిలో ఉంది."

అబద్ధం చెప్పలేదు.

"ఎంత దూరమండీ ఆ దారి?"

"నువ్వేం కంగారుపడకు, కంపెనీ ఇల్లు కూడా ఇస్తారట, నేను చూస్తున్నాను కదా."

"మీరు చూస్తున్నారా?" అంది. తర్వాత, "ఒక్కసారి ఆ పేజీ తెరిచి చూడండి," అంది.

సరేనన్నాను. పేజీ తెరిస్తే అది అక్కడే ఆగిపోతుంది. ఆగితే లెక్క ఆగుతుంది. ఆవిడకి ఈ సాంకేతిక విషయాలు తెలియవు.

తెలుసేమో. మిషను ఆవిడే కదా చూస్తుంది.

ఫోను పెట్టేశాక ఓనరమ్మ, "ఆ అమ్మాయి గొంతు బాలేదు బాబూ," అంది. లైను బాలేదని చెప్పాను.

11, మంగళవారం

నలభైమూడో వరస మీదే ఆదా అంతా వస్తోందని మేనేజరు గారికి తెలిసిపోయింది. తిడతారనుకున్నాను. ఆయన మాత్రం మిషను చుట్టూ తాడు కట్టించి, "కదలికలో ఉంది, ముట్టరాదు" అని బోర్డు పెట్టించారు. తన గదిలోని ఫ్యాను తీయించి దానికి పెట్టించారు. ఊడ్చే ఆవిడ ఇప్పుడు ఆ పక్కకి వచ్చేటప్పటికి చీపురు ఎత్తి పట్టుకుంటోంది.

12, బుధవారం

ఆడిటరు వచ్చాడు. సన్నగా, అనుమానంగా ఉన్నాడు.

"ఈ కాగితం ఎక్కడికి వెళ్తోంది?"

"కొండ ఆఫీసుకండీ."

"అక్కడి నుంచి?"

"ఇక్కడికండీ."

"ఎప్పటికి చేరుతుంది?"

నేను నోరు తెరిచేలోగా మేనేజరు గారు అందుకున్నారు. "చేరితే ఆదా ఆగిపోదూ?"

ఆడిటరు చాలాసేపు ఆలోచించాడు. ఆలోచించి, ముద్ర వేశాడు. పోతూపోతూ అకౌంట్సావిడతో, ఇన్నేళ్లలో ఖర్చు లేకుండా నడిచే పని ఒక్కటి చూశానని చెప్పాడట. ఆవిడ ఆ మాట నాకు చెబుతూ నా మొహంలోకే చూసింది. నేను ఫ్యాను వైపు చూశాను.

14, శుక్రవారం

ఛైర్మన్ గారికి పడిశం. 21కి వాయిదా వేశారు.

పర్వాలేదు. 21న షీల్డు, 22న వరస. ఇంకా ఆరు రోజులు మిగులుతాయి.

16, ఆదివారం

"పేజీ తెరిచారా?"

"పనుల్లో కుదరలేదు."

"నిమిషం పనేనండీ."

"నిమిషమే. అందుకే వాయిదా పడుతోంది."

ఆ మాటకి తను నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. అక్కడ చలి మొదలైందని, రెండో దుప్పటి కొనాలా వద్దా అని అడిగింది. ఇక్కడికి వస్తే దుప్పటి అక్కర్లేదు కదా, అందుకని అడిగింది. కొనుక్కోమన్నాను. ఓనరమ్మ చిక్కుళ్లు వలవడం ఆపేసి నన్నే చూసింది.

కొనుక్కోమని ఎందుకన్నానో నాకే తెలియదు. జలుబు చేస్తుందనే అన్నాను.

18, మంగళవారం

రేపు మార్చేస్తాను. ఇంక చాలు.

19, బుధవారం

మార్చలేదు. మూడు ఆఫీసుల వాళ్లు బస్సు మాట్లాడుకుని నలభైమూడో వరసని చూడ్డానికి వచ్చారు. తాడు బయట నిలబడి చూశారు. ఒకాయన, "మా ఆఫీసుకి కూడా ఇలాంటి వరస ఒకటి రాసి పెట్టండి సార్," అని నా చెయ్యి పట్టుకున్నాడు. పుట్టి బుద్ధెరిగాక నన్నెవరూ సార్ అనలేదు. వాళ్ల ముందు వరస చెరిపితే మేనేజరు గారి మొహం ఎలా చూడను?

21, శుక్రవారం

ఛైర్మన్ గారికి పడిశం తగ్గింది. ఛైర్మన్ గారి డ్రైవరుకి పట్టుకుంది. 28, శుక్రవారం, పదకొండు గంటలకి.

పదకొండుకి వస్తారు. పన్నెండుకి షీల్డు. పన్నెండుంబావుకి వరస మార్చినా అయిదు దాకా బోలెడు టైముంది. నాలుగు నిమిషాల్లో చేరిపోయే కాగితం. నేనే అనవసరంగా కంగారుపడుతున్నాను.

23, ఆదివారం

ఇవాళ కాగితం సంగతి అడగలేదు.

"మీకు నేను రావాలని ఉందా?" అని అడిగింది.

"ఎంత మాట" అన్నాను.

"ఉందా లేదా చెప్పండి."

ఓనరమ్మ ఉంది పక్కన. ఆవిడ ముందు ఎలా చెప్పను? "నీకు తెలియదా" అన్నాను. "తెలియకే అడుగుతున్నాను," అంది. లైన్లో గరగర వచ్చింది. వచ్చిందనే అనుకుంటున్నాను. పెట్టేశాను.

రావాలని ఉంది. ఇక్కడ రాస్తున్నాను. చాలా ఉంది. బట్టలారేస్తూ తనలో తను ఏదో లెక్కపెట్టుకుంటుంది, అది వినాలని ఉంది.

26, బుధవారం

కంపెనీ ఇల్లు చూసొచ్చాను. చూసుకోమని మేనేజరు గారే తాళాలిచ్చారు. ముందు గదిలో వెలుతురు బాగా పడుతుంది. తన బీరువా పడుతుందో లేదోనని జానలతో కొలిచాను. పదకొండు జానలు. పడుతుంది. వంటింటి కిటికీ రెక్క సరిగ్గా మూసుకోవడం లేదు, రాగానే తనే చూస్తుంది.

28, శుక్రవారం

మొత్తం రాస్తాను. వరసగా రాస్తాను.

ఛైర్మన్ గారు పదకొండుకి రాలేదు. రెండింటికి వచ్చారు. టీ అయ్యేసరికి రెండున్నర. మేనేజరు గారు ఉపన్యాసం మొదలుపెట్టి, కంపెనీ పుట్టుక దగ్గర్నుంచి ఎత్తుకున్నారు. నాలుగింటికి ఇంకా మొదటి పంపు దగ్గరే ఉన్నారు. నేను గడియారం చూస్తున్నాను. అకౌంట్సావిడ నన్ను చూస్తోంది. ఆవిడకి అంతా తెలుసని అప్పుడు అర్థమైంది. ఎప్పటి నుంచి తెలుసో మరి.

నాలుగున్నరకి ఛైర్మన్ గారు లేచి, తాడు దగ్గరికి వచ్చి, "ఏమిటీ కాగితం? ఏముంది ఇందులో?" అన్నారు.

అందరూ మేనేజరు గారిని చూశారు. మేనేజరు గారు నన్ను చూశారు.

"తెరవండి," అన్నారు ఛైర్మన్ గారు.

తెరిచాను. లెక్క ఆగిపోయింది. ప్రింటరు మొదలైంది.

ఒక సంగతి నేను మర్చేపోయాను. కాగితం ఏ ఆఫీసు గుండా వెళ్తే ఆ ఆఫీసు పేరు పేజీ నెత్తిన ఒక లైనుగా పడుతుంది. పేరు పక్కన నాలుగు మాటలు రాసుకోవచ్చు. ఏ ఆఫీసు మిషను చూసేవాళ్లు ఆ ఆఫీసు మాటలు రాసుకుంటారు. మాది మేనేజరు గారి నినాదం. కొత్త లైను పాత లైను మీద పడుతుంది, అసలు విషయం అలా కిందికి కిందికి జరిగిపోతుంది. ఇరవయ్యైదు రోజుల నుంచి జరుగుతూనే ఉంది. ప్రింటరు ఒకదాని తర్వాత ఒకటి పేజీలు కక్కుతోంది, అన్నీ లైన్లే. ఛైర్మన్ గారు కళ్లజోడు పెట్టుకుని పైకి చదవడం మొదలుపెట్టారు.

"కొండ ఆఫీసు: సరే, ఇక అడగను. రేవు ఆఫీసు: ఆదాయే మా ఆయుధం. కొండ ఆఫీసు: సరే, ఇక అడగను. రేవు ఆఫీసు: ఆదాయే మా ఆయుధం."

ఒక్కో మాట మా ఆవిడ ఒక రోజంతా పెట్టింది. మర్నాడు మార్చింది. పైన ఉన్నది ఇవాళ్టిది. పేజీలు తిప్పేకొద్దీ రోజులు వెనక్కి వెళ్తున్నాయి. ఆయన గొంతు గంభీరంగా ఉంటుంది, హాలంతా వినిపిస్తుంది.

"కొండ ఆఫీసు: రెండో దుప్పటి కొన్నాను. రేవు ఆఫీసు: ఆదాయే మా ఆయుధం."

"కొండ ఆఫీసు: నేను వస్తే ఇబ్బందా? రేవు ఆఫీసు: ఆదాయే మా ఆయుధం."

"కొండ ఆఫీసు: చూసి కూడా ఊరుకున్నారా? రేవు ఆఫీసు: ఆదాయే మా ఆయుధం."

నేను గోడకి ఆనుకున్నాను. అయిదయింది. గోడ గడియారం కొడుతుంటే ఆయన చదవడం ఆపి, కొట్టడం అయ్యాక మళ్లీ చదివారు. అయిదూ పదికి చివరి పేజీలు వచ్చాయి.

"కొండ ఆఫీసు: ఏమండీ, నలభైమూడు చూసుకోండి. రేవు ఆఫీసు: ఆదాయే మా ఆయుధం."

అది 4వ తేదీది. నాకంటే రెండు రోజులు ముందే తనకి తెలుసు. నన్ను నలుగురిలో తప్పుపట్టకుండా, నాకొక్కడికే కనబడేలా చెబుదామనుకుంది. నేను లెక్క చూశాను గానీ పేజీ చూడలేదు.

ఛైర్మన్ గారు కళ్లజోడు తీసి, "కొండ ఆఫీసు వాళ్లది కొంచెం చపలచిత్తం," అన్నారు. "రోజుకో మాట. రేవు ఆఫీసు మాత్రం ఎవరు ఎన్ని అడిగినా ఒక్క మాట మీదే నిలబడింది. అదీ నిలకడంటే." చప్పట్లు. షీల్డు నా చేతిలో పెట్టారు. బరువుగా ఉంది. దాన్ని మేనేజరు గారి బల్ల మీద పెట్టాను, ఆయన చాలా సంతోషించారు.

అందరూ వెళ్లాక తాడు కింద నుంచి దూరి నలభైమూడో వరస చెరిపేశాను. తాళంమాట ఒక చీటీ మీద రాసి అకౌంట్సావిడకిచ్చాను. "ఇప్పుడెందుకు ఇది?" అంది. పట్టికలో తప్పుంటే అని మొదటిరోజు ఆవిడ అడిగిందానికి అప్పుడే సరిగ్గా జవాబు చెప్పి ఉంటే బావుండేది. అదే చెప్పాను.

కట్టలో అట్టడుగు పేజీ తీసి మడిచి జేబులో పెట్టుకున్నాను. అందులో సగం నుంచి తన అర్జీ ఉంది. కారణం అనే చోట "భర్త అక్కడ ఉన్నందున" అని రాసింది.

29, శనివారం

తెల్లవారుతూనే బస్సెక్కి ప్రధాన ఆఫీసు వాళ్ల కొత్త భవనానికి వెళ్లాను. శనివారం ఒంటిగంట దాకా తెరుస్తారు. సిబ్బంది విభాగం అధికారి పుల్లతో పళ్లు కుట్టుకుంటున్నాడు. కాగితం బల్ల మీద పెట్టాను.

"చేతికి తీసుకోమండీ. ఫ్యాక్స్ చెయ్యాలి."

"నెలంతా ఫ్యాక్స్‌లోనే ఉందండీ."

"మాకు చేరలేదు కదా. చేరినా నిన్న అయిదుతో సరి. ఇంక వచ్చే ఏడాదే."

"పోనీ నేను కొండ ఆఫీసుకి వెళ్తాను. నన్ను బదిలీ చెయ్యండి."

"అదీ అదే జాబితా."

"పదవి వద్దు, ఇల్లూ వద్దు."

"వద్దనడానికి వేరే ఫారం ఉంది. అది కూడా ఫ్యాక్స్‌లోనే."

కోపం రాలేదు. ఈ మనిషి నాలాగే మాట్లాడుతున్నాడనిపించింది, సిగ్గేసింది.

"ఉద్యోగం మానేస్తే?" అని అడిగాను.

ఆయన పుల్ల పక్కన పెట్టాడు. "రాజీనామాకి ఫ్యాక్స్ అక్కర్లేదు. చేతికే తీసుకుంటాం."

కాగితం ఆయనే ఇచ్చాడు, పెన్నూ ఆయనే ఇచ్చాడు. రెండు నిమిషాలు పట్టింది. ఈ నెలలో ఈ కంపెనీలో బయలుదేరిన రోజే చేరిన కాగితం నేను చూసింది అదొక్కటే.

30, ఆదివారం

కొండకి బస్సు పొద్దున తొమ్మిదిన్నరకి దింపింది. పది కాకుండానే, బట్టల సంచి భుజాన వేసుకుని, తన గది తలుపు కొట్టాను. ఫోను చేయడానికి బయలుదేరుతోందో, చేయకూడదనుకుందో తెలియదు. అడగలేదు. తలుపు తీసి నన్ను చూసింది. రెండు దుప్పట్లూ మడిచి మంచం మీద ఉన్నాయి.

"ఎన్నాళ్ల సెలవు?" అంది.

"సెలవు కాదు. మానేశాను."

"ఆ కంపెనీ ఇల్లు?"

"పోయింది."

"నా కాగితం?"

జేబులోంచి తీసి ఇచ్చాను. విప్పి చూసుకుంది. తన రాతే అయినా ఎవరిదో చదివినట్టు మొత్తం చదివింది. నేను చేసింది చెప్పాను. ఇంటి కోసం అన్నాను, నీ కోసం అన్నాను. చెబుతుంటే నాకే అసహ్యమేసి, "కాదు, నన్ను సార్ అన్నారు, అందుకని," అన్నాను. క్షమించమని అడిగాను.

తలుపుకి అడ్డంగానే నిలబడి ఉంది. కళ్లలో నీళ్లున్నాయి, కోపం కూడా ఉంది.

"ఏడాదిన్నర నుంచి నేను రావడం ఎలా అనే చూస్తున్నాను," అంది. "మీరే రావచ్చని నాకు ఒక్కసారి కూడా తట్టలేదు."

నాకూ తట్టలేదు. ఏడు ఆఫీసులకి దారులు రాసినవాడిని. ఆ మాటే చెప్పాను.

తలుపుకి అడ్డం తప్పుకుని, "ఆ సంచి ఇలా ఇవ్వండి," అంది.